అమ్మడానికా, తోలడానికా

నరసన్నపేట బైపాసు దిగిన చోట
పదడుగుల ఆయిల్ కొట్టు నాది.
బోర్డు మీద మా ఆయన పేరు, బల్ల వెనక నేను.
"ఇంటాయన లేడేటి?" అన్నోడిని
ముందు డిప్‌స్టిక్ పట్రమ్మంటాను.

వేళ్ల మధ్య ఒక్క చుక్క.
బొటనవేలూ చూపుడువేలూ రుద్ది మెల్లగా విడదీస్తే
తీగ సాగిందా, తెగిపోయిందా,
ఇసకలాగ గరగరమందా,
వాసన మాడిందా, పెట్రోలు కలిసిందా.
దండాసి మేస్త్రి నేర్పిన చదువు ఇదంతా.
ఆయన షెడ్డు మా వెనకాలే ఉండేది,
ఇప్పుడక్కడ చీరల గోడౌను.

పాత బండికి చిక్కటి ఆయిలనేసి అందరూ సెప్పీవోళ్లే.
అంత తేలికైతే ఈ కొట్టు తాళం
ఏ గుంటడి చేతిలోనో పెట్టీసి నిద్రపోదును.

కరణంగారి పెట్రోలు కారుంది,
పెళ్లిళ్లకి తప్ప గుమ్మం దాటదు.
దాని క్యామూ ట్యాపెట్లూ ఒకదాన్నొకటి రాసుకు తిరుగుతాయి,
నడుమన కాస్త జింకు లేకపోతే
ఒకదాన్నొకటి తినేసుకుంటాయి.
కొత్త కార్ల డబ్బాల్లో జింకు తగ్గించీసినారు.
వెతికి వెతికి ఇరవై-యాభై ఇచ్చాను.
కడిగే మందు మాత్రం పొయ్యనివ్వలేదు.
ముప్పై ఏళ్ల మడ్డి, ఎక్కడ ఏ చిల్లుకి మూతై కూర్చుందో!

డీజిలు సంగతి వేరు.
పోసిన మర్నాడే నల్లబడిందని
డబ్బా తెచ్చి బల్లమీద ఠంగుమని పెడతారు: "నకిలీదమ్మా!"
కాదు బావూ, మసిని తను మోస్తంది.
పోసినప్పటి రంగే ఉందంటే అప్పుడు భయపడు,
మసంతా లోపలే గూడు కట్టిందని.

ఎండాకాలంలో పోలాకి నుంచి ఢిల్లేశ్వర్రావు
జీపు తెచ్చాడు, డీజిలు బండి, నా పెళ్లినాటిది.
రోడ్డు మీదుండగానే తెలిసింది
లోపల ఎవరో రోకలి వేస్తున్నట్టు.
"చిక్కటిది ఇయ్యమ్మా, బాగా చిక్కటిది.
గేరాయిలొక లీటరు కలిపితే సప్పుడు పోద్దంట గదా?"

దండాసి అడిగే మాటే అడిగాను.
"అమ్మడానికా, తోలడానికా?"

ఫోను మోగకుండానే ఫోను తీసి చూసుకున్నాడు.
ఎదురు కొట్టుకి పోయాడు.
ఆ రోజు బేరం పోయింది, చెప్పొద్దూ,
రాత్రి లెక్క రాసుకుంటే గుండె చివుక్కుమంది.

వానలు పడ్డాక
అదే జీపు నా కొట్టు ముందాగింది.
కొత్తూరు కొండల వైపు కుర్రోడు, పేరు సుక్కు.
అనాసపళ్లు సంతకి దింపుకోడానికి కొన్నాడట,
అప్పుడు పిల్లిలాగుండేదట.
ఇప్పుడు తెల్లారి చలికి తిరగనే తిరగదు,
తిరిగితే కాసేపు నూనె దీపం వెలుగుతూనే ఉంటంది.

చుక్క తీశాను.
బెల్లం పాకం.
నా వేళ్లు విడిపోడానికి ఇష్టపడలేదు.
అంత చిక్కటిది చలిలో బేరింగుల దాకా
ఎప్పుడు నడిచి చేరుతుంది, ఈలోగా ఇనుము ఇనుమునే నాకుతుంది.

ఎవరమ్మారని అడగలేదు.
కింద తొట్టి పెట్టి నట్టు విప్పించాను.
మధ్యాన్నం దాకా కారింది,
ఫిల్టరు మార్చి, పదిహేను-నలభై పోసి, సెల్ఫు కొట్టమన్నాను.
ఒక్క పట్టుకే అందుకుంది.
వెంటనే ఆ రోకలి కూడా వచ్చీసింది.

కుర్రోడి ముఖం మాడిపోయింది.
"పాడు సేసీసినావా అమ్మా?"
"నేదు నాయనా. దాని గొంతే ఇది, ఇన్నాళ్లూ నోట్లో ముద్ద కుక్కారు.
డబ్బులు కూడబెట్టు, అది చెప్పినన్నాళ్లు తోలు,
ఎత్తు మీద లాగించకు."

మార్చిన తేదీ అట్టముక్క మీద రాసి తీగతో కట్టాను.
కిలోమీటర్లు రాద్దామంటే
మీటరెప్పుడో ఆగిపోయింది.
ఆ గడిలో ఇలా రాశాను:
గోగు కోతలకి మళ్లీ రా.