అంగుళానికి ఎనిమిది

నేవీ స్టోర్సులో ముప్పై రెండేళ్లు
బట్ట కన్నా కుట్టునే ఎక్కువ చూశాను.
అంగుళానికి ఎనిమిది.
ఏడొస్తే వెనక్కి. తొమ్మిదొచ్చినా వెనక్కే.
రిటైరయ్యాక ఈ వేళ్లకి ఏదో పని కావాలిగా,
ఆదివారాలు పూర్ణా మార్కెట్ వెనక
జిలానీ గోదాములో
పాత కవచపు చొక్కాలు తిరగేస్తుంటాను.

రేవులో విప్పేసిన ఓడల్లోంచి వస్తాయవి,
ఇంజను నూనె, ఎలుకల కంపు కలిసి.
నడుం దగ్గర ఇత్తడి కళ్ల వరస ఉంటే ఒక పటాలానిది,
మెడపట్టీ లేస్తే తర్వాతి కాలంది.
చీటీ చెరిగిపోతే జిప్పు చూస్తాను,
జిప్పు ఊడిపోతే బరువు.
"పెళ్లిచూపులకొచ్చినట్టు చూస్తారు సార్"
అంటాడు జిలానీ, టీ నా వైపు తోస్తూ.

పది చొక్కాలు నా పుస్తకంలోకెక్కాయి.
పదకొండోది మొన్న,
డాల్ఫిన్స్ నోస్ కనపడకుండా మబ్బు దిగిన పూట.

తూకమేస్తే కిలోన్నర తక్కువ.
మొదట తాసునే తిట్టాను.
కుడి జేబు లేదు, దాని నీడ ఉంది:
ఎండకి వెలిసిపోని నలుచదరం, ఇంకా ఆకుపచ్చగా.
పక్కల అతుకు తెల్లదారం,
అంగుళానికి నాలుగు, ఒక్కోచోట మూడు,
ప్రతి మూడో కుట్టుకీ ఒక ముడి.

నా గుండె కొట్టుకున్న తీరు చెప్తే నవ్వుతారు.
పరీక్ష కోసం కుట్టిన నమూనానా?
ఎండదేశాలకని తేలిక చేసిన రకమా?
పుస్తకం తీసి రాశాను:
అరుదైన రకం. బహుశా ఇదొక్కటే.
బహుశా కింద గీత కూడా గీశాను.

గుమ్మంలో తట్ట దించుకుని
వాన తగ్గాలని చూస్తున్న గరికిన పోలమ్మ
నెత్తళ్ల మీద ప్లాస్టిక్ కప్పుతూ కప్పుతూ ఆగింది.
"ఏటి బాబూ, అలగ సూత్తన్నావు? అది వలముడి.
మూడు కుట్లకోపాలి ముడెయ్యకపోతే
ఉప్పునీటికి జారిపోద్ది గదా."

కుట్టు విప్పకూడదన్నది నా నియమం.
విప్పాను. ఒక గది. నాలుగు కుట్లు.
గాజునార పలక ఉండాల్సిన చోట
వలకి కట్టే బెండు,
గుండ్రంగా ఉన్నదాన్ని కత్తితో పలచగా చెక్కి దూర్చారు.
నొక్కి చూస్తే గదిగదికీ అదే.
ఇనుప ముక్కల్ని ఆపాల్సిన చొక్కాకి
ఎవరో ఈత నేర్పారు.

"ఎవురిదై ఉంటాది?" అడిగాను,
నాకు తెలీకుండానే ఆమె యాసలో.
"ఎవురిదని సెప్పను? ఒడ్డంతా ఒకటే ముడి.
ఇంత సన్నంగా ఏసిందంటే ఆడమనిసే,
మా మొగోల్లకి అంతోపికేదీ?"
చంక దగ్గర జానతో కొలిచింది.
"గుంటడు," అంది. "పదారేళ్లుంటాయేమో."
వాన వెలిసింది. తట్ట ఎత్తడానికి సాయం పట్టాను.

వాడు తేలాడో లేదో చొక్కా చెప్పదు.
మెడ లోపలి అంచున ఉప్పు గీతలున్నాయి,
ఒకదాని కింద ఒకటి, చాలా.
అన్నిసార్లు ఒడ్డుకొచ్చి ఆరిందన్నమాట.
చివరిసారి సంగతి గీతలకి తెలీదు.

అరుదు అని నోరు జారానుగా,
జిలానీ ధర రెట్టింపు చేశాడు.
బేరమాడలేదు.
ఇంటికొచ్చి, విప్పిన నాలుగు కుట్లూ వేద్దామని కూర్చుంటే
వేళ్లు వాటి మానాన అవి
అంగుళానికి ఎనిమిది వేసేశాయి.
దీపం దగ్గరకి జరుపుకుని మళ్లీ విప్పాను.

పుస్తకంలో రకం అన్న గడి
ప్రస్తుతానికి కొట్టివేత.
వచ్చే ఆదివారం కాస్త పెందలాడే వెళ్లాలి,
పోలమ్మ తట్ట ఖాళీ అయ్యేలోపు
ఆ ముడి అడగాలి.