చిల్లర దిగేటప్పుడు

ముప్పై ఏళ్లు
గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా
"రైట్ రైట్" అని అరిచినవాణ్ణి.
ఎడమవైపు అలిగిందంటే
అలగదా మరి.

ఆషాఢంలో ఓ తెల్లారుజామున
పళ్లు తోముకుంటూ అద్దంలో చూస్తే
పెదవి ఎడమకొస అడక్కుండా దిగిపోయింది,
చెయ్యి దాని వెనకే.
వరహాలు అరుపుకి
పక్కింటి ఆటో లేచింది.

కేజీహెచ్‌లో అన్నం సగమే తినేవాణ్ణట.
కంచానికి ఎడమపక్క ఒకటుందని
నాకు తెలీదు.
వరహాలు కంచం తిప్పి పెట్టేది,
మళ్లీ వడ్డించిందనుకుని తినేవాణ్ణి.
ఆవిడ నవ్వేదో, కళ్లొత్తుకునేదో,
తనూ ఎడమపక్కనే కూచునేది.

ఫిజియోథెరపీ గదిలో
పాంగి సుహాసిని, పాడేరు పిల్ల.
ముందు అద్దం తెచ్చింది.
బల్ల మీద నిలబెట్టి
పడిపోయిన చేతిని దాని వెనక దాచి
కుడిచెయ్యి పిడికిలి విప్పమంది.
అద్దంలో ఎడమది విప్పుతోంది!
అబద్ధమని తెలుసు.
దొంగ పాసులు పట్టినవాణ్ణి, నాకు తెలీదా.
అయినా చూస్తూ కూచున్నాను,
పట్టుకోబుద్ధి కాలేదు.

వేళ్లు కాస్త కదిలాయో లేదో
కుడిచేతిని సస్పెండ్ చేసింది.
వికెట్ కీపరు గ్లౌజొకటి తొడిగి, పట్టీ బిగించి
"మూడు గంటలు దీనికి డ్యూటీ లేదు బాబాయ్.
చేసేదాన్ని ఆపకపోతే
చెయ్యనిది ఎప్పటికీ చెయ్యదు."
మా డిపోలో ఈ న్యాయం
నేనెన్నడూ చూళ్లేదు.

నడకకి ఆసుపత్రి వరండా.
గచ్చు గళ్లకి స్టాపుల పేర్లు పెట్టుకున్నాను.
ఎన్‌ఏడీ దగ్గర మోకాలు రోజూ జామ్.
తాటిచెట్లపాలెంలో బొటనవేలు నేలకి రాసుకుంటుంది.
గురుద్వారా రాకుండానే
దమ్ము చాలక గోడకి ఆనితే
"ఇక్కడ స్టాపు లేదు బాబాయ్, పదండి."
నా టికెట్టు నాకే కొట్టింది.

పూసలు తెచ్చింది, రంగు గ్లాసులు తెచ్చింది.
నా చేతికి వాటితో పరిచయం లేదు.
"మరి దీనికి ఏ పని తెలుసు?" అనడిగింది.
చెప్పాను:
వేళ్ల సందుల్లో పదులు, ఇరవైలు, యాభైలు
నిలువునా మడిచి పెట్టుకుని
ఊగే బస్సులో, కడ్డీ పట్టకుండా,
చీకట్లో కూడా తడిమి...
మర్నాడు పది నోట్లు తెచ్చింది,
నలిగినవి, చేపల వాసనవి.

రోజుకి మూడొందల సార్లు.
వరహాలు క్యాలెండరు వెనక గీతలు కొడుతుంది,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నూరు దాటాక చేతికి కోపం వస్తుంది,
మోచెయ్యి కొక్కెంలా ముడుచుకుంటుంది.
నోట్లు రాలతాయి.
ఏరడం కూడా లెక్కలోకే వస్తుందట.

హార్బర్లో తాళ్లు లాగిన పోలినాయుడు
నాకంటే వెనక ఎక్కాడు,
ముందు దిగిపోయాడు.
గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు,
పడిపోయిన చేత్తోనే.
ఆ రోజు నేను నోటు ముట్టలేదు.

టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ణి
నాలుగనీ, ఆరనీ.
"చిల్లర దిగేటప్పుడు" అనేవాణ్ణి.
ఎంతమంది మరిచి దిగిపోయారో,
ఎన్నిసార్లు చూసీ ఊరుకున్నానో.
ఇప్పుడు నా బాకీ ఎక్కడ రాసుందో తెలీదు.
రోజూ అడుగుతున్నాను
తెల్లారి, మధ్యాహ్నం, దీపాలవేళ
సిగ్గు లేకుండా.

నిన్న
చూపుడువేలికీ నడివేలికీ మధ్య
పది నోటు నిలబడింది.
ఒకటి. రెండు. మూడు.
నాలుగనే లోపు
ఫ్యాను గాలికి లేచిపోయింది.
వరహాలు వంగబోతే ఆగమన్నాను.
అది ఎడమవైపు పడింది.
ఎడమవైపు పడిందని
నేనే చూశాను.