గోడ మందం

జుబైల్, రాత్రి రెండున్నర.
పైపు ఇంకా పగటి వేడిని వదల్లేదు.
జెల్ పూసి ప్రోబ్ ఆనిస్తాను.
చెవికి అందని చప్పుడొకటి
ఉక్కులోకి దిగి, అవతలి అంచును తాకి
వెనక్కొస్తుంది.
వెళ్ళిరావడానికి పట్టిన కాలంలో
సగం లెక్కేస్తే గోడ మందం.

మా ఎల్లవ్వ కుండ కొనేముందు
వేలి కణుపుతో కొట్టి, తల పక్కకి వంచి వినేది.
ఈ పరికరం ఖరీదు
ఆమె చేసిన సంతలన్నిటికన్నా ఎక్కువ.
వినడం మాత్రం అదే.

తెర అడుగున గడ్డి మొలిచినట్టు గోల:
పంపు వణుకు, తుప్పు, నా చేతి అదురు కూడా.
ఇందులో ఏది గోడ, ఏది నేను?
పదహారు సార్లు కొలిచి సగటు తీస్తే
గోల నాలుగో వంతుకు దిగుతుంది.
వెయ్యి సార్లు కొలిచినా సున్నా కాదు.

నలభై రెండో చుక్క దగ్గర
పదకొండున్నర మిల్లీమీటర్లు ఉండాల్సింది, ఆరు.
"తప్పుడు రీడింగ్, కొట్టెయ్" అన్నాడు
సూపర్‌వైజర్ బిజు వర్గీస్.
గీతకు దూరంగా నిలబడ్డ ఒక్క చుక్క.
కొట్టేస్తే గ్రాఫు ఎంత అందంగా ఉంటుందో!

తుడిచాను. మళ్ళీ జెల్. ఆరు.
ప్రోబ్ మార్చాను. ఆరుంబావు.
హెల్పర్ షొఫికుల్ టార్చి దించకుండా
ఊపిరి బిగబట్టాడు,
తన ఊపిరీ గోలలో కలుస్తుందేమోనని.

తెల్లారేసరికి ఆ లైను మూసేశారు.
ఎవరూ ఏమీ అనలేదు.
కాగితం మీద బిజు తనే
ఆ చుక్క చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు.

బస్సులో షొఫికుల్
ముందు సీటు కడ్డీని వేలితో టక్కుమనిపించి
నా వైపు తిరిగాడు:
ఎంత?