తిన్న ఇంట్లో

ముందు సూప్ పెట్టింది.
బఠాణీలూ పందిమాంసమూ కలిసి ఉడికిన చిక్కటి సూప్,
పక్కన వెన్న రాసిన రొట్టె.
"పైన చలిగా ఉంటుంది, తినే ఎక్కు" అంది హెస్టర్ గారడ్.
గారడీలో చివరి దీర్ఘం ఊడిపోయిన ఇంటిపేరు.

తిన్నాను.
తిని, మూతి తుడుచుకుని, నిచ్చెన వేసుకుని
ఆవిడ ఇంటి వాసాలు లెక్కపెట్టడానికి అటకెక్కాను.
దీన్ని మా భాషలో ఏమంటారో ఆవిడకి చెప్పలేదు.
నా ఉద్యోగమే ఇది.
గంటకింతని కౌన్సిల్ వాళ్ళు ఇస్తారు.

సఫోక్ మట్టి బూటుని వదలదు.
పొలం గట్టు మీంచి చూస్తే ఇల్లు
గులాబీరంగు సున్నం కట్టుకుని
ఒక భుజం దించి నిలబడింది,
ఏదో చెప్పబోయి మానేసినట్టు.
ఓక్ నిట్రాళ్ళు, వాటి మధ్య హేజెల్ బద్దల తడిక,
తడిక మీద మట్టీ పేడా కోసిన గడ్డీ.
మెత్తినవాడి నాలుగు వేళ్ళు
పాలగది గోడలో ఇంకా ఉన్నాయి.
బొటనవేలు లేదు.

పాలగది ఉత్తరానికి, వెన్నకి ఎండ తగలకుండా.
గుమ్మంలో రాతిపలక గుంటపడింది,
ఎవరూ తవ్వలేదు, నడిచారంతే.
పొయ్యి మీది దూలానికి
కావాలని కొవ్వొత్తితో కాల్చిన మచ్చలు,
కన్నీటి చుక్కల ఆకారంలో,
పిడుగు రాకుండా, ఇంకేదీ రాకుండా.
"మా అత్తగారు ఏటా వాటికి పాలిష్ పెట్టేది."

అటక మీద టార్చి వేశాను.
ఒకటి. రెండు. మూడు.
ప్రతి జత మీదా వడ్రంగి ఉలితో గీసిన రోమన్ గీతలు.
నేల మీద పేర్చి, గుర్తుపెట్టి, విప్పి,
పైకెత్తి మళ్ళీ బిగించాడు.
తొమ్మిది తర్వాత పదకొండు.
పది ఎక్కడా లేదు.
ఆ పూట ఎవరో భోజనానికి పిలిచి ఉంటారు.

గారడ్‌ల లెక్కలో ఈ ఇల్లు ఆరువందల ఏళ్ళది.
అదే నిజమైతే మంట నడిమింట్లో,
పొగ కప్పులోకి, వాసాలన్నీ మసి.
గోరుతో గీరాను.
వేలికేమీ అంటలేదు.
చెక్క తేనెరంగులో ఉంది, నిన్న కోసినట్టు.
పొగగొట్టంతోనే పుట్టిన ఇల్లు,
నూటయాభై ఏళ్ళు ఆలస్యంగా.

వీధి గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద
మామగారు చెక్కించిన సంవత్సరం వేరు.

దిగుతూ నిచ్చెన సగంలో ఆగాను.
నా గిన్నె ఇంకా బల్ల మీదే ఉంది,
చెంచా వెల్లకిలా.

చెప్పాను.

ఆవిడ చాలాసేపు పొయ్యి వైపు చూసింది.
"అయితే ఈ ఇంట్లో ఏ ఆడదానికీ
పొగకి కళ్ళు మండలేదన్నమాట" అంది.
తర్వాత స్క్రూడ్రైవర్ కోసం సొరుగులు లాగింది.
దొరక్క, వెన్నకత్తి పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది.

మూడు మరలు వచ్చాయి. నాలుగోది రాలేదు.
పలక ఒంటి మర మీద గిర్రున తిరిగి
సంవత్సరం తలకిందులుగా వేలాడింది.
"ఉండనీలే" అంది, "టీ పెడతాను."

అదీ తాగాను.