తాళం చెవులు

ఇరవై రెండేళ్లు ఈ బడి గంట కొట్టింది నేనే.
వాల్‌పరైసో కొండ మీద, రేకుల ఇళ్ల మధ్య,
సముద్రపు గాలి ఎటు తిరిగినా
ఎనిమిదింటికి నా గంట రేవుదాకా వినబడేది.
చేపలు తూచేవాళ్లు గడియారాలు సరిచేసుకునేవాళ్లు.

ఈ మార్చిలో బడి తెరిచిన రోజు
ఓరియెత్తా టీచరమ్మ వచ్చి
"ఎలియోదోరో, ఇక గంట వద్దు" అంది.
నాకు ఒళ్లు మండింది.
మండింది అన్నాను చూడండి,
ఆ మాట ఇప్పుడు ఈ కొండ మీద ఎవరూ అనడం లేదు.

ఎండాకాలంలో వెనక యూకలిప్టస్ తోపు అంటుకుంది.
మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది.
ఫైరింజను గణగణమంటూ పైకొచ్చి
సందు ఇరుకై సగంలో ఆగిపోయింది.
మిల్యరాయ్ వాళ్ల ఇల్లు
ఆ సగానికి పైన.

ఏడేళ్ల పిల్ల.
ఎక్కడ గరిటె కిందపడ్డా బల్ల కిందికి పోతుంది.
పోయి బూట్లు తొడుక్కుంటుంది,
తొడుక్కున్నవే, విప్పి, మళ్లీ.
ఆ రోజు ఒట్టికాళ్లతో పరిగెత్తిందట.

"మొండిఘటం, రెండు తగిలిస్తే దారికొస్తుంది"
అన్నాడు లెక్కల మాస్టారు.
నేనూ తలూపాను.
మా నాన్న నన్ను దారికి తెచ్చింది అలాగే.

ఓరియెత్తా మాత్రం నేల మీద కూర్చుంటుంది,
కాస్త ఎడంగా.
లాగదు. బుజ్జగించదు. ఎందుకని అడగదు.
"ఇవాళ మంగళవారం. తలుపు తెరిచే ఉంది.
సూపులో గుమ్మడికాయ వేశారు."
అంతే. చెప్పిందే చెబుతుంది.
ఒకరోజు పది నిమిషాలు, ఒకరోజు పూటంతా.
మిగతా పిల్లలు ఆమె చుట్టూ బొమ్మలేసుకుంటారు.

ఇంట్లో దిండు కింద రొట్టెముక్కలు.
చీమలు పట్టాయని మొదట్లో తిట్టేది అవ్వ ఎర్మెలిందా.
ఇప్పుడు తనే రాత్రిపూట
మంచం పక్కన డబ్బాలో ఒక రొట్టె పెట్టి
"ఇది నీదే, పొద్దున కూడా ఉంటుంది" అంటుందట.
"తినదు ఎలియోదోరో,
ఉందో లేదో మూత తీసి చూసుకుని పడుకుంటుంది."

గంట పోయాక నా పని
గదిగదికీ వెళ్లి గుమ్మంలో చెయ్యి ఊపడం.
పిచ్చివాడిలా ఉండేది కొన్నాళ్లు.
ఒక గురువారం, బల్ల కిందనుంచే
ఆ పిల్ల నా నడుము వైపు చూసింది.
"నీ తాళం చెవులకు చప్పుడు లేదేం?"

చూసుకున్నాను.
పదిహేడు. ఒక్కోదానికీ ఉన్నిదారం చుట్టి ఉంది.
చుట్టింది నేనే, అరిగితే మళ్లీ చుట్టేదీ నేనే.
"జేబు చిరుగుతుందని" అన్నాను.
నలభై ఏళ్లుగా నాకు నేను చెప్పుకున్న మాట అది.

తాగిన చెయ్యి
చీకట్లో తాళం కన్నం వెతుక్కునే గలగల.
మంచం కింద నేను,
అరచేతుల్లో నా రెండు చెవులు.
తలుపు తెరుచుకునేలోపు
ఎన్ని అంకెలు లెక్కపెట్టొచ్చో ఇప్పటికీ చెప్పగలను.

"అవి కూడా చెవులు మూసుకున్నాయా?"
అంది మిల్యరాయ్.

జవాబు చెప్పలేదు. కూర్చున్నాను.
మోకాళ్లు కలుక్కుమన్నాయి.
కాస్త ఎడంగానే కూర్చున్నాను.
స్టోరుగది చెవికి దారం ఊడిపోయి ఉంటే
నేల మీదుగా ఆమె వైపు జరిపాను.
తన స్వెట్టరు అంచు నుంచి ఎర్రపోగు లాగి
నాలుక బయటపెట్టి, వంకరటింకరగా,
పోగు అయిపోయేదాకా చుట్టింది.

నిన్న కింది రోడ్డున అంబులెన్సు పోతే
మళ్లీ బల్ల కిందికే దూరింది.
లెక్కల మాస్టారు నావైపు చూశాడు.
ఈసారి నేను తలూపలేదు.

ఆ చెవి ఇప్పుడు లావై తాళంలో దూరదు.
గంట ఆ గదిలోనే ఉంది, గోనెపట్టాలో.
చీపురు కోసం రోజూ తెరవక తప్పదు.
పొద్దున్నే ఎర్రదారం విప్పుతాను,
తలుపు మూసి
మళ్లీ చుడతాను.
నా వేళ్లకు ఆ వంకర ఇంకా రావడం లేదు.