ఇకమీదట

టెక్కలి కోర్టు వసారాలో
నా టైపు బల్లకి ఒక కాలు పొట్టి.
మూడేళ్ళుగా దాని కింద మడిచి పెట్టిన గెజిట్టును
ఇవాళ కూర్మమ్మ కోసం లాగాను.
దుమ్ము దులిపితే, చెదలు తినని చోట ఒక మాట:
"ఇకమీదట."

లారీ ట్యూబులో సారా మోసినవాడికి
ఏడేళ్ళు కాదు, ఇకమీదట రెండేళ్ళే.

ఆమె కాశీబుగ్గ నుంచి మొదటి బస్సుకే వచ్చింది.
జీడిపిక్కలు కొట్టే చెయ్యి.
వకాలతు మీద బొటనవేలు నొక్కితే
నల్లమచ్చ పడుతుంది గాని గీతలు పడవు,
జీడినూనె ఎప్పుడో తినేసింది.
మూడుసార్లు నొక్కించాను.

పెనిమిటి పేరు తౌడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
చేటెడు తౌడుకి పొరుగింటికి అమ్మి
మళ్ళీ తెచ్చుకున్న బిడ్డ.

వాడి పినతండ్రి కొడుకు జోగులు
అదే ఒడిశా దారిన, అదే సరుకుతో,
అతుకుతో సహా అదే ట్యూబుతో
గెజిట్టు వచ్చిన పదకొండో రోజున దొరికాడు.
రెండేళ్ళు ముగించుకుని
మొన్ననే ఇంటికొచ్చి చేపల పులుసు తిన్నాడు.
తౌడు అంతకు నెల ముందు దొరికాడు.
విశాఖ జైల్లో మూడేళ్ళు నిండాయి.

"నేరం చేసిన నాటి చట్టమేనమ్మా" అన్నాను,
ప్లీడరుగారి గొంతు అరువు తెచ్చుకుని.
"నిన్న కొన్న బియ్యానికి
ఇవాళ ధర తగ్గిందని షావుకారు డబ్బు తిరిగిస్తాడా?"

"తినీసిన బియ్యం కాదు బావూ.
ఆడింకా తింతన్నాడు.
రోజూ పాత ధరకే కొలస్తన్నారు."

ఇరవయ్యారేళ్ళుగా ఇతరుల మాటలే కొట్టాను.
ఇవాళ, పాత నేరానికీ కొత్త శిక్షే చాలునని వేడుకునే అర్జీలో
మూడో పేరా కింద, ఎవరూ చెప్పకుండానే,
"ఇంకా తింతన్నాడు" అని కొట్టాను.
ప్లీడరుగారు ఎర్రసిరాతో గీత గీసి
పైన రాశారు: "అనుభవించుచున్నాడు."
సరే. అదీ అదే.

వెళుతూ వెళుతూ మెట్టు మీద ఆగింది.
"ఒగ్గీసినారే అనుకో,
రెండు మీద ఆ ఒక్క ఏడూ
ఎవులు తిరిగిత్తారు బావూ?"

దానికి నా దగ్గర ఫారం లేదు.

గెజిట్టు ఇప్పుడు ఫైలులో ఉంది.
మీట నొక్కినప్పుడల్లా బల్ల ఊగుతోంది,
అక్షరాలు కాస్త పక్కకి పడుతున్నాయి.
ఆ కాలి కిందికి
ఇంకో కాగితం వెతకబుద్ధి కాలేదు.