రెండే గుండీలు

ఫోన్ల కొత్త చుక్క వెలిగింది.
అచ్చంపేట, పాత బస్టాండు ఎనుక,
జాంగీరు గడియారాల దుకాణం:
"శారద కథ కాసెట్టు ఒకటి. అట్ట లేదు.
మీద బాల్‌పెన్నుతోని – ఈదమ్మ, రెండో పక్క."

మూడేండ్ల సంది ఈ యాప్‌ల
కోస్గిల ఒకటి, కొల్లాపురంల రెండు,
ఎవరెవరి పాటలకో చుక్కలు పెట్టిన.
మా మేనత్తకు ఇదే మొదటిది.

బండేసుకొని పోతే
జాంగీరు కంటి భూతద్దం తియ్యకనే అన్నడు:
"మొన్ననే బాలోజి కొనుక్కపోయిండు,
ఇర్వై రూపాలకు.
పాటకు గాదు. పిట్టలకు."

ఊరవతల జొన్నకంకి పాలు వట్టింది.
కట్టె నుంచి కట్టెకు గుంజి కట్టిన
గోధుమరంగు రీలు
గాలొచ్చినప్పుడల్లా జుమ్మంటున్నది.
పిచ్చికలు తుమ్మచెట్టు దాటి వస్తలేవు.

అత్త గొంతు గాదది, నాకెరుకే.
అయినా గట్టు మీద కూసున్న,
బాలోజి వచ్చి ఎవరి మనిషివి అని అడిగేదాక.

దుకాణం పేరు రాయమంటే
బాలోజి జొన్నచేను అని రాసిన.
ఉందా, అయిపోయిందా అని అడిగింది.
రెండే గుండీలు.
కోతల దాక – అని రాసే జాగ లేదు.